పది చింతగింజలు

పెంపుడు కుక్క టఫీ కూతురు భానును కరిచిన పొద్దు సువర్ణ పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తోంది. చేతులకు పిండి, కళ్ళల్లో పొగ. పెరట్లోంచి ఒక్క కేక వినిపించింది. పిల్ల పడి ఏడ్చే ఏడుపు వేరు, అలిగి ఏడ్చే ఏడుపు వేరు. ఇది ఆ రెండూ కాదు. రొట్టె పెనం మీదే వదిలేసి పరుగెత్తింది. ఆ రొట్టె మాడి బొగ్గై మర్నాటి దాకా పెనానికే అంటుకుని ఉంది.

చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉండే వాళ్ళ తండాకు ఆ కుక్క వచ్చి ఏడాది కావస్తోంది. సువర్ణ పెనిమిటి బాబూరావు రోడ్డు పనులు చేసే కంపెనీలో జీపు డ్రైవరు. అతను తిప్పే ఇంజినీరు సారుకు విశాఖపట్నం బదిలీ అయింది. అక్కడ మూడో అంతస్తులో ఇల్లట, కుక్కను పెట్టుకోనివ్వరట. "నీకు పెద్ద వాకిలి ఉంది కదయ్యా బాబూరావు" అని సారు మెడపట్టీతో, స్టీలు గిన్నెతో, గోమార్ల పొడి డబ్బాతో, ఒక పచ్చ కార్డుతో సహా దాన్ని జీపెక్కించాడు.

"బీగిల్ అంటరు దీన్ని. సీమజాతి. కుందేలు పోయిన తోవను ఒట్టి వాసనతోనే పడతదంట" అని బాబూరావు తండా అంతటికీ గొప్పగా చెప్పుకున్నాడు.

తెల్లటి కాళ్ళు, వీపు మీద జీను వేసినట్టు నల్లటి మచ్చ, మోదుగాకుల్లా వేలాడే గోధుమరంగు చెవులు. వచ్చిన వాళ్ళు వస్తూనే ఉన్నారు, చూసిన వాళ్ళు చూస్తూనే ఉన్నారు. సువర్ణ అత్త హేమ్లి మాత్రం నోట్లో చుట్ట తీసి పక్కకు ఉమ్మి, "గీ పొట్టి కాళ్ళతోని ఇది కుందేలును పడతదా? కుందేలే దీన్ని చూసి నవ్వి నవ్వి సస్తది" అంది.

కుందేలును అది ఎన్నడూ పట్టలేదు. కానీ వాసన పట్టేది. ముక్కు నేలకు ఆనించిందంటే చెవులు మూసుకుపోయేవి. తిట్టినా, బతిమాలినా వెనక్కి చూసేది కాదు. వాసన తెగేదాకా పోయేది. తెగాక, వచ్చిన అడుగుల వాసనే పట్టుకుని ఒక్క వంకర కూడా తప్పకుండా ఇంటికి చేరేది. కట్టేస్తే మెడ పైకెత్తి కూసేది. అది మామూలు కుక్క మొరుగుడు కాదు, నక్క కూతకూ సన్నాయికీ మధ్య ఏదో. ఆ కూత తండా అంతటికీ వినబడేది. అందుకే, సారు పెట్టిన పేరు టఫీ అయినా, హేమ్లి దానికి డప్పు అని పేరు పెట్టింది. తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు. సబ్బు తిన్నది. హేమ్లి చుట్టల కట్ట తిన్నది. ఆషాఢంలో సీత్లా భవానికి పెట్టిన నైవేద్యం ఆకుతో సహా మింగింది. ఆ రోజు హేమ్లి చీపురు విరిగేదాకా కొట్టి, పొద్దుగూకాక తనే దాని గిన్నెలో గంజి పోసింది.

నాలుగేళ్ళ భాను మాత్రం దాన్ని కుక్కగా ఎప్పుడూ అనుకోలేదు. దాని మెడ మీద చెయ్యి వేసుకునే పగలు నిద్రపోయేది.

ఆ పొద్దు జరిగింది ఇంతే. ముందు రాత్రి భానుకు దగ్గు. సువర్ణది మొదటి నుంచీ భయం మనసు. పిల్ల దగ్గితే క్షయ అనుకుంటుంది, కదలకుండా నిద్రపోతే లేపి చూస్తుంది. బాబూరావు కూడా ఇంట్లో లేడు. శ్రీరామనవమి దగ్గర పడిందని భద్రాచలం తోవలో గుంతలు పూడ్పిస్తుంటే జీపు మూడు రోజులుగా అటే తిరుగుతోంది. ఆ దగ్గు గొడవలో కుక్కకు అన్నం పెట్టడం మరిచిపోయింది. తెల్లారి గుర్తొచ్చి, మిగిలిన మాంసం బొక్కలు గిన్నెలో వేసి రొట్టెల దగ్గరికి పోయింది. భాను వచ్చి అలవాటుగా గిన్నెలో చెయ్యి పెట్టింది. ఆకలి మీదున్న కుక్క మణికట్టు పట్టుకుంది.

నాలుగు పళ్ళ గాట్లు. వాటిలోంచి నెత్తురు.

సువర్ణ లోపలికి పోయి కారం డబ్బా తెచ్చింది. కుక్క కరిస్తే ఆ తండాలో చేసే మొదటి పని అదే. గాట్లలో కారం కూరింది. పిల్ల ఊపిరి బిగబట్టి నీలంగా అయిపోయింది. దాని మీద హేమ్లి తన సున్నం డబ్బీలోంచి సున్నం తీసి పూసింది. అప్పుడు సువర్ణకు పచ్చకార్డు గుర్తుకొచ్చింది. రేకుపెట్టె అడుగు నుంచి తీసింది. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన చదువు, ఇంగ్లీషు మాటలు కూడబలుక్కోవాలి, కానీ తేదీలు ఎవరైనా చదువుతారు. కుక్కకు వేయించాల్సిన టీకా జనవరి పన్నెండున. ఇప్పుడు ఏప్రిల్. జనవరిలో ఆమె బాబూరావుతో అన్నది కూడా. "పశువుల డాక్టరు దొరకాలె గద, చూద్దాం" అన్నాడు. చూద్దాం అన్న మాట చూద్దాం దగ్గరే ఉండిపోయింది.

దవాఖానాలో జోజమ్మ సిస్టరు పిల్ల చెయ్యి చూసి నెత్తి కొట్టుకుంది. "పుండు మీద కారం పెట్టే చేతులు ఎట్లొచ్చినయమ్మా నీకు? సబ్బు లేదా ఇంట్ల?"

"ఉండె. కుక్క తిన్నది" అంది సువర్ణ. నవ్వించడానికి కాదు. ఉన్న మాట అదే.

జోజమ్మ ఆమె ముఖం వంక ఒకసారి చూసి, ఇక తిట్టలేదు. పిల్లను చంకనేసుకుని నల్లా కింద పావుగంట సేపు సబ్బుతో కడిగింది. అప్పట్లో ఆ దవాఖానాలో పిచ్చికుక్క మందంటే బొడ్డు చుట్టూ పొడిచే సూదులే. రోజుకొకటి, పద్నాలుగు రోజులు.

డాక్టరు అడిగాడు, "ఇంటి కుక్కేనా? అయితే దాన్ని చంపకండి. కట్టేసి పది రోజులు చూడండి. సూదులు ఈ రోజు నుంచే మొదలుపెడదాం. పదో రోజుకు కూడా కుక్క మంచిగా తింటూ తిరుగుతూ ఉంటే దానికి పిచ్చి లేనట్టే, ఆపేద్దాం. చచ్చినా, కనబడకుండా పోయినా మొత్తం పొడవాల్సిందే."

"చస్తే... సూదులు పొడిచినంక గూడ ఏమన్న అయితదా సారూ?"

డాక్టరు చీటీ రాస్తూ, "అందుకేగా పొడుస్తున్నాం" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

ఆ తల ఎత్తకపోవడాన్ని సువర్ణ బస్సులో ఇంటిదాకా మోసుకొచ్చింది. ఆమెకు ఏడేళ్ళప్పుడు పుట్టింటి తండాలో బిచ్యా అనే పశువుల కాపరి కుక్క కరిచిన మూడు నెలలకు చనిపోయాడు. మంచానికి కట్టేశారు. వాళ్ళమ్మ గ్లాసుతో నీళ్ళు తెస్తే ముఖం అటు తిప్పుకున్నాడు. దాహమని అరుస్తూనే తిప్పుకున్నాడు. పెద్దవాళ్ళు పిల్లల్ని తరిమేశారు గానీ ఆమె అప్పటికే చూసేసింది. ఇప్పుడు బస్సు కిటికీలోంచి మోదుగులు, టేకులు వెనక్కి పోతుంటే ఆ గ్లాసు ఒక్కటే కనబడుతోంది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. లోపల ఎవరో పలుపుతాడుతో బిగించి కట్టేసినట్టు ఉంది, అంతే.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో రూప్లా కట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను బాబూరావుకు చిన్నాయన, పక్కింట్లోనే ఉంటాడు. ఇప్పపువ్వు రాలే కాలంలో అతని పెరట్లో ఎప్పుడూ ఒక కుండ ఊరుతూ ఉంటుంది. సారా కాస్తాడని అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

"కరిసిన కుక్కను పొద్దుగూకేదాక ఉంచే ఆనవాయితీ లేదు కోడలా. నువ్వు పిల్లను తీస్కొని లోపలికి పో. నేను చూస్కుంట" అన్నాడు.

"వద్దు మామా. పది రోజులు బతకాలెనంట అది."

"ఎవరన్నరు?"

"డాక్టరు."

"డాక్టరుకేంది, ఆయన ఇంట్ల ఉంటదా?"

హేమ్లి కూడా, "ఒకపారి నెత్తురు రుచి చూసింది, ఇగ ఊకుంటదా?" అంది.

అప్పుడు సువర్ణ ఆన పెట్టింది. సీత్లా యాడి, ఆ అమ్మవారి మీద ఆన. పది రోజులు దీని మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు. ఆ తర్వాత తనే తన చేత్తో తీసుకుపోయి అడవిలో వదిలేసి వస్తుంది. హేమ్లి, "ఆన అంటె ఆన. మర్సిపోకు" అంది. రూప్లా కట్టె దించాడు.

టఫీని వేపచెట్టు మొదలుకు కట్టేసింది. ఒక ఖాళీ పాలపొడి డబ్బా తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. పొద్దున లేవగానే కుక్క ముందు నీళ్ళు పెట్టాలి. అది తాగితే ఒక చింతగింజ డబ్బాలో వెయ్యాలి. పది గింజలు పడాలి.

అట్లా మొదలైంది. తెల్లారి కళ్ళు తెరిస్తే మునుపు పిల్ల నుదురు మీద చెయ్యి వేసేది. ఇప్పుడు కుక్క దగ్గరికి పోతోంది. నాలుక ఎర్రగా ఉందా, కళ్ళు తేటగా ఉన్నాయా, వెనక కాళ్ళు సరిగ్గా వేస్తోందా. నీళ్ళ గిన్నె పెట్టి ఊపిరి ఆపుకుని కూర్చునేది. టఫీ తోక ఊపుకుంటూ లపలపా తాగేది. దానికేం తెలుసు, తను తాగే ఒక్కో గుటక ఎవరి ప్రాణానికి జామీను అని. గింజ డబ్బాలో పడ్డ చప్పుడు వినేది. ఆ చప్పుడుకు కొంచెమైనా తేలికపడాలి. పడలేదు. తొమ్మిది మిగిలాయి, ఎనిమిది మిగిలాయి అనుకునేది, ఎవరి గురించో అనుకున్నట్టు.

తరువాత పిల్లను ఎత్తుకుని బస్సు. సూది. మళ్ళీ బస్సు. మొదటి మూడు రోజులు భాను దవాఖానా గేటు కనబడగానే ఏడ్చేది, జోజమ్మ సిస్టరును లంబాడీలో తిట్టేది. "ఏమంటున్నది నీ బిడ్డ?" అని జోజమ్మ అడిగితే, "నీ చేతులు ఇరిగిపోవాలె అంటున్నది సిస్టరూ" అని సువర్ణ ఉన్నదున్నట్టు చెప్పింది. "తిట్టనీ, తిట్టే పిల్ల మంచిగున్నట్టే" అని జోజమ్మ నవ్వింది. నాలుగో రోజు భాను ఏడవలేదు. తనే గౌను పైకెత్తి, పైకప్పు వంక చూస్తూ పడుకుంది. చిన్న పొట్ట మీద బొడ్డు చుట్టూ ఎర్రటి గడ్డలు. జోజమ్మ ఆ రోజు నవ్వలేదు. తల్లీ కూతురూ ఒకే తీరుగా పైకి చూస్తూ ఉన్నారు.

కూర వండేది. తినేది. ఏం తిన్నదో అడిగితే చెప్పలేదు. ఒకరోజు హేమ్లి కంచాల పక్కన ఉప్పు గిన్నె తెచ్చి పెట్టింది. ఎందుకు పెట్టిందో సువర్ణ అడగలేదు, రోజూ అక్కడే ఉంటే చూడనూ లేదు.

నవమి అయిన మర్నాడు బాబూరావు వచ్చాడు. తలంబ్రాల పొట్లం, భానుకు ప్లాస్టిక్ ఈల. ఫోను లేని తండా. రోడ్డు మీద ఎవరో చెబితే అప్పటికే తెలిసింది. వచ్చీ రాగానే పిల్ల చెయ్యి చూశాడు, పొట్ట చూశాడు. గడపలో కూర్చున్నాడు.

"జనవరిల చెప్పినవ్ గద నువ్వు" అన్నాడు.

"అవ్."

"తిట్టరాదూ నన్ను."

సువర్ణ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తిట్టడానికి నోరు తిరగాలి కదా. "కాళ్ళు కడుక్కొని రా, అన్నం తిందువు" అంది. అతను లేచి వేపచెట్టు దగ్గరికి పోయాడు. టఫీ రెండు కాళ్ళ మీద లేచి అతని చొక్కా వాసన చూసింది. అతను దాన్ని కొట్టనూ లేదు, నిమరనూ లేదు. రెండు రోజులుండి మళ్ళీ డ్యూటీకి పోయాడు.

తొమ్మిదో గింజ పడింది.

ఆ రోజు సూది పొడిపించుకుని బస్సు దిగేసరికి మధ్యాహ్నం. భాను భుజం మీద నిద్రపోతోంది. తండా మలుపు తిరగ్గానే తన వాకిట్లో మనుషులు కనబడ్డారు. పది మంది దాకా ఉన్నారు. కొందరి చేతుల్లో కట్టెలు. సువర్ణ నడక పెంచలేదు. కాళ్ళు వాటంతట అవే అదే నడక నడిచాయి.

"వచ్చింది, వచ్చింది" అన్నారెవరో.

వేపచెట్టు మొదట్లో కొరికేసిన తాడు ముక్క. పెరటి కంచె దగ్గర టఫీ. నిలబడబోయి పక్కకు పడుతోంది. మళ్ళీ లేస్తోంది, వెనక కాళ్ళు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి. మూతి నిండా నురగ. కళ్ళు ఎర్రగా, ఎవరినీ చూడకుండా తిరుగుతున్నాయి. గొంతులోంచి వచ్చే కూత కూడా దానిది కాదు.

"పిచ్చి లేసింది కోడలా" అన్నాడు రూప్లా. "నేను చెప్పలే? ఆ రోజే కొట్టనిస్తే అయిపోయేది గద."

"నీళ్ళు?" అంది సువర్ణ.

హేమ్లి ముఖం పక్కకు తిప్పుకుంది. "పెట్టిన. తన్నేసింది."

నీళ్ళు తన్నేసింది. బిచ్యా గ్లాసు.

ఒకతను కట్టె ఎత్తాడు. అప్పుడు సువర్ణ చేసిన పని తండాలో చాలాకాలం చెప్పుకున్నారు. గొప్పగా కాదు, పిచ్చి అమ్మాయి అన్నట్టు. నిద్రపోతున్న పిల్లను అత్త చేతుల్లో పెట్టింది. కొంగు చేతికి చుట్టుకుంది. కంచె దగ్గరికి పోయి కుక్క మెడపట్టీ పట్టుకుని, బస్తా ఈడ్చినట్టు వాకిలంతా ఈడ్చుకుంటూ లోపలికి తీసుకుపోయింది.

"బిడ్డ ఉన్న ఇంట్ల పిచ్చికుక్కను పెడతవా? నీకేమన్న అయిందా?" అని రూప్లా అరిచాడు.

"రేపు పది" అంది. "రేపటిదాక బతకాలె. సంపితే నాకు ఎట్ల తెలుస్తది?"

తలుపు మూసి గడియ పెట్టింది.

లోపల చీకటి, పొయ్యి బూడిద వాసన. బయట తలుపు బాదుతున్నారు. హేమ్లి పేరు పెట్టి పిలుస్తోంది, లంబాడీలో తిడుతోంది, మధ్యలో భాను లేచి "యాడీ" అని అమ్మను పిలుస్తోంది. సువర్ణ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. కుక్క ఎదురుగా నేల మీద పక్కకు పడి ఉంది. పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. అది లేచి మీదికి వస్తే ఏం చెయ్యాలో ఆమె ఆలోచించలేదు. వస్తే వస్తుంది. పిల్లకు వచ్చేదేదో తనకూ వస్తుంది. ఆ ఆలోచనకు భయం వెయ్యలేదు. తొమ్మిది రోజుల నుంచి భయం ఎక్కడికి పోయిందో, ఆ చోటు కూడా మొద్దుబారిపోయింది.

కాసేపటికి కుక్క ఊపిరి మారింది. బరువుగా, గురక లాగా. తరువాత కాసేపు ఏమీ వినబడలేదు.

చచ్చిందా?

ఆమె మోకాళ్ళ మీద పాకుతూ పోయింది. చేతులు నేలకు ఆనించి, మూతి దగ్గర ముఖం పెట్టి వంగింది. అట్లా వంగడం ఆమెకు కొత్త కాదు. చిన్నప్పుడు ఇప్పపువ్వు కాలమంతా ఆమె చేసిన పని అదే. తండ్రి తాగొచ్చి గడపలోనే పడిపోయేవాడు. నోరు తెరిచి, మూతి నిండా సొంగతో. అమ్మ మంచానపడ్డాక బడి మానేసింది ఆమెనే, పొద్దున్నే అడవికి పోయి పువ్వు ఏరింది ఆమెనే, రాత్రి వంగి తండ్రి ముక్కు దగ్గర ముఖం పెట్టి బతికే ఉన్నాడా అని చూసింది కూడా ఆమెనే.

వెచ్చటి ఊపిరి ముఖానికి తగిలింది. దానితో పాటు వాసన.

సువర్ణ కదల్లేదు. మళ్ళీ పీల్చింది. తియ్యగా, పుల్లగా, కుళ్ళిన పండులా, పాత గోనెసంచిలా. ఈ వాసన ఆమెకు అక్షరాల కంటే ముందు వచ్చు. మూడోసారి పీల్చింది. మూతికి అంటుకున్న ముద్ద వేలితో తీసి చూసింది. నలిగిన ఇప్పపువ్వు.

గోడకు చేరగిలబడి కూర్చుంది. నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. బయట ఇంకా తలుపు బాదుతున్నారు. కాసేపు బాదనిచ్చింది. తరువాత లేచి గడియ తీసింది.

అందరూ వెనక్కి దూకారు.

"మామా" అంది. "ఊరేసిన ఇప్పపువ్వు ఏడ పారబోసినవ్?"

రూప్లా కట్టె వంక చూసుకున్నాడు. "ఏం పువ్వు?"

"నీ కుండ."

"ఏందిరా రూప్లా?" అంది హేమ్లి.

"అదీ... పొద్దుగాల ఎక్సైజోళ్ళ జీపు వస్తున్నదన్నరు వదినా. కుండ ఎత్తి కంచె పక్కన గుంతల గుమ్మరిచ్చిన. జీపు రాలే, ఏం రాలే. నా పువ్వు పోయె." అప్పుడే అతనికీ అర్థమయింది. "గంతా తిన్నదా?"

పెరట్లోకి పోయి చూసినవాళ్ళు గుంత ఖాళీగా, నాకినట్టు ఉందని చెప్పారు. వాసన కోసం తాడు కొరికి పోయింది, ఆ వాసన తెగేదాకా తిన్నది. ఎవరో ఇకిలించారు. హేమ్లి రూప్లా చేతిలోంచి కట్టె లాక్కుంది.

"తాగి తూలినోళ్ళందరిని కట్టెలతోని కొట్టాలంటె గీ తండాల ముందు నిన్నే కొట్టాలె గదరా!"

వాకిలంతా నవ్వింది. రూప్లా కూడా నవ్వాడు. కుక్కను సంపితే పాపం తనకే చుట్టుకునేదని సణుక్కుంటూ, మజ్జిగ ముంత తెచ్చి గడపలో పెట్టిపోయాడు. సువర్ణ భానును చంకకు తీసుకుంది. అందరి నోళ్ళూ కదులుతున్నాయి, చప్పుడు మాత్రం దూరం నుంచి వస్తోంది. తాగి పడిందన్నంత మాత్రాన పిచ్చి లేదనా? రేపు పొద్దున నీళ్ళు తాగితేనే కదా.

ఆ రాత్రి పిల్లను హేమ్లి పక్కన పడుకోబెట్టి, తను కుక్క పక్కన కూర్చుంది. అది రెండుసార్లు కక్కింది. రెండుసార్లూ ఎత్తిపోసింది. తెల్లారేసరికి టఫీ తలెత్తలేక తలెత్తి, తన వల్ల ఏం తప్పు జరిగిందో తెలియనట్టు చూసింది. ఆమె గిన్నెలో నీళ్ళు పోసి ముందుకు జరిపింది. అది వాసన చూసింది. మూతి తీసేసింది. మళ్ళీ చూసింది. తరువాత మొదలుపెట్టి గిన్నె అడుగు కనబడేదాకా తాగి, గిన్నెను కూడా నాకి, ఇంకా కావాలని గిన్నెను మూతితో నెట్టింది.

సువర్ణ పదో గింజ వేసింది. డబ్బాను అట్లాగే చేత్తో పట్టుకుని కాసేపు కూర్చుంది.

దవాఖానాలో డాక్టరు ఈసారి తల ఎత్తాడు. "తింటోందా? తాగుతోందా?"

"తాగుతున్నది సారూ" అంది. ఏం తాగిందో చెప్పలేదు.

"అయితే ఇక సూదులు వద్దు." చీటీ మీద అడ్డంగా గీత గీశాడు. ఆ కుక్కకు పడాల్సిన టీకా కూడా వారంలోగా వేయించమని గట్టిగా చెప్పాడు. భాను అలవాటుగా గౌను పైకెత్తబోతే జోజమ్మ కిందికి లాగి, "పోవే, నా చేతులు ఇరగలేదు చూడు" అని చాక్లెట్ పెట్టింది. అమ్మా కూతుళ్ళు బస్సెక్కారు. ఇప్పుడైనా ఏడవొచ్చు అనుకుంది సువర్ణ. కిటికీ లోంచి మోదుగులు, టేకులు. అంతే.

ఇంటి ముందు హేమ్లి చుట్ట కాలుస్తూ కూర్చుని ఉంది. పిల్లకు సూది పడలేదని విని రెండు చేతులూ ఎత్తి సీత్లా భవానికి దండం పెట్టింది. తరువాత వేపచెట్టు వైపు చూసింది. చెప్పాల్సిన పని లేదు. ఆన పెట్టింది కోడలు.

సువర్ణ బువ్వ పెట్టి పిల్లను పడుకోబెట్టింది. తాడు విప్పింది. టఫీ తోక ఊపుతూ ముందు నడిచింది. చెలకలు దాటి, ఎండిన వాగు దాటి, టేకుచెట్లు మొదలయ్యే దాకా పోయింది. ఎండుటాకులు కాళ్ళ కింద చప్పుడు చేస్తున్నాయి. ఎక్కడో అడవిపంది తవ్విన గుంత. ఇంకా లోపలికి పోయి సువర్ణ ఒక చోట ఆగింది. మెడపట్టీ తీసింది. ఏడాది నుంచి ఉన్న పట్టీ కింద తెల్లటి వెంట్రుకలు అణిగిపోయి గీత పడి ఉంది.

"పో" అంది.

కుక్క ఆమె వంక చూసింది. ముక్కు నేలకు ఆనించింది. ఒక చుట్టు తిరిగింది, పంది గుంత దాకా పోయింది, అక్కడ ఏదో పీల్చి తుమ్మింది. ఆమె నిలబడే ఉంది. ఇక అది ఏ వాసనో పట్టి పోతుంది, పోతే వినదు, పిలిచినా రాదు. అనుకుంటూనే ఉంది. టఫీ ఇంకో చుట్టు తిరిగి ఆమె పాదాల దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె నిలబడ్డ చోట ముక్కు పెట్టి, అక్కడి నుంచి ఆమె అడుగులు పడ్డ తోవనే, ఆకుల మీద ఒక్కో అడుగూ వాసన చూసుకుంటూ, వచ్చిన దారిన వెనక్కి బయల్దేరింది. తోక నిటారుగా నిలబెట్టుకుంది. వెనక్కి చూడలేదు.

సువర్ణ కాసేపు చూసి, దాని వెనక నడిచింది. వాగులో తను రాయి మీద కాలు పెట్టిన చోట అదీ ఆగింది. చెలకలో తను ముల్లు తీసుకున్న చోట రెండుసార్లు తిరిగింది. వచ్చేటప్పుడు తను ఏ వంకర నడిచిందో ఆమెకే తెలియదు, అది మాత్రం ఒక్కటీ వదిలిపెట్టలేదు. వాకిట్లోకి వచ్చాక గానీ ఆమెకు పట్టీ అడవిలోనే వదిలేసిన సంగతి గుర్తు రాలేదు.

టఫీ నేరుగా పోయి గడపలో పడుకున్న భాను పక్కన చతికిలబడింది. హేమ్లి దాన్ని చూసింది, కోడలిని చూసింది.

"వదిలినవా?"

"వదిలిన అత్తా. అడవిలనే."

"మల్ల ఇదేంది?"

"నేను తేలే. అదే వచ్చింది."

హేమ్లి చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకుంది. "నీ ఆన తీరింది. ఇగ దాని ముచ్చట సీత్లా చూస్కుంటది. డప్పు గిన్నె ఇయ్యాల్టి నుంచి నా దగ్గర ఉంటది. పిల్ల చెయ్యి పెట్టే చోట పెట్టను" అంది. లేచి లోపలికి నడుస్తూ, "పొద్దున్నుంచి ఏం తినలే నువ్వు. రా."

పప్పు, రొట్టె పెట్టింది. పొద్దున సువర్ణ వండిందే. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది.

"అత్తా, పప్పుల ఉప్పు లేదేంది?"

హేమ్లి కంచం పక్కనున్న ఉప్పు గిన్నెను ఆమె వైపు జరిపింది.

"పది రోజుల నుంచి లేదు" అంది.